మా అత్త ఫ్రేము బిగించిన పలక

మా ఇంట్లో టాబ్లెట్ అంటే మా అత్త పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునే బి.పి. బిళ్ళ. అందుకని నేను ఆఫీసు పనికి కొన్న టాబ్లెట్‌కు మొదటి రోజే వేరే పేరు పడింది. పెట్టె విప్పి చేతికిస్తే మా అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పలక గదా ఇది" అంది. మార్కాపురంలో ముప్పై ఏళ్ళు పలకలకు చెక్క ఫ్రేములు బిగించిన మనిషి ఆ మాట అన్నాక ఇక దానికి తిరుగు లేదు. ఆ పలక వల్ల నా పని పోబోయింది. ఎట్లా పోబోయిందో, ఎట్లా పోలేదో రాద్దామని పాప పడుకున్నాక కూర్చున్నాను. రాస్తుంటే నవ్వొస్తోంది. గట్టిగా నవ్వితే పాప లేస్తుంది, అదొక భయం.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. పెళ్ళయి మార్కాపురం వచ్చాక, పాప పుట్టాక, ఒక రిటైర్డ్ ఇంజనీరు దగ్గర టైపు చేసే పనికి కుదిరాను. నేను సార్ అనే పిలుస్తాను కాబట్టి ఇక్కడా సారే. పాత ఇల్లు కొనేవాళ్ళు ముందు ఆయన్ని పిలుచుకుపోతారు. గోడల పగుళ్ళు పైపూత వరకేనా, పునాది దాకా దిగాయా? మిద్దె కారుతుందా? స్లాబులో ఇనుముకు తుప్పు పట్టిందా? కరెంటు వైర్లు ఇంకెన్నాళ్ళు నిలుస్తాయి? ఇవన్నీ చూసి, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాల మీద రాసుకొచ్చేవారు. ఆ రాతను చదివి టైపు చేయడం నా పని. సార్ రాతలో 'పగులు', 'పనస' ఒకలాగే ఉంటాయి. ఒకసారి వంటింటి గోడలో పనస ఉందని టైపు చేసి పంపేశాను కూడా.

పాపకు రెండేళ్ళు దాటిన వేసవిలో సార్ మోకాళ్ళు మెట్లెక్కడం మానేశాయి. ఒక రోజు ఆఫీసులో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"అమ్మాయ్, రెండు దార్లుండాయి. ఒంగోలు నుంచి ఒక కంపెనీ వాళ్ళు అడుగుతుండారు. ఆఫీసు వాళ్ళ చేతిలో పెట్టేసి నేనింటి కాడ కూసుంటా. లేదంటే ఇళ్ళు నువ్వు చూడు."

"నేనా సార్?"

"నువ్వే. మూడు ఇళ్ళు చూసిరా. రిపోర్టు చదివి నేను నమ్మి సంతకం పెట్టేట్టుండాల. మూడూ అట్లుంటే ఆఫీసు మనది, ఇళ్ళు చూసే పని నీది. లేదంటే వాళ్ళది. ఇంకొక మాట. ఇల్లు చూసేటప్పుడు నాకు ఫోన్ చెయ్యకూడదు."

ఆ చివరి షరతు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. నేను అన్నిటికీ ఫోన్ చేస్తాను. గ్యాసు ఆపానో లేదో అని సగం దారి నుంచి మా అత్తకు చేస్తాను. పాప తుమ్మిందని ఎర్రగొండపాలెంలో బడిలో పాఠం చెబుతున్న మా ఆయనకు చేస్తాను. పాప నిద్రలో ఊపిరి తీస్తుందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఆ వేలితోనే మెలకువ తెప్పించి, అరగంట జోకొట్టిన రాత్రులు లెక్కలేనన్ని. ఇళ్ళలో లోపాలు వెతికే పనికి ఇలాంటి మనిషి బాగా పనికొస్తుందని సార్ అనుకున్నారేమో. కానీ ఫోన్ చేయకుండా!

"పనిముట్టు గూడా నువ్వే ఎంచుకో. కాగితం, పెన్ను కాలం నాతోనే పోనీ. నాకు మాత్రం అది ఆన్ చెయ్యడం నేర్పమాకు" అన్నారు.

ఎంచుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఒక నోటుబుక్కులో పదకొండు పేజీలు రాశాను. మా ఆయన మొదటి పేజీ చూసి, "ఫోన్ ఉండాది గదా, దాంతో తియ్యరాదా ఫోటోలు?" అన్నాడు. ఫోన్ చిన్నది. ఇంటి ప్లాను గీస్తే పడకగది బటాణీ గింజంత వస్తుంది. పైగా ఆ ఫోన్ మీద పాపకు నాకంటే ఎక్కువ హక్కు ఉంది. నేను గోడ పగులు ఫోటో తీసేలోపల అందులో ఏనుగు పాట మొదలవుతుంది. ల్యాప్‌టాప్ అనుకుంటే దానికి రెండు చేతులూ కావాలి. మన ఊళ్ళలో సగం మిద్దెలకు మెట్లుండవు, ఇనుప నిచ్చెన ఉంటుంది. నిచ్చెనకు ఒక చెయ్యి పోతే మిగిలేది ఒకటే చెయ్యి. ఒక చేత్తో పట్టుకుని, అదే చేతి బొటనవేలితో పని నడిచే వస్తువు ఏదని రాసుకుంటూ పోతే టాబ్లెట్ దగ్గర ఆగింది.

మెయిన్ బజారులో కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళాను. దుకాణం అన్న కౌంటర్ మీద నాలుగు రకాలు పరిచాడు.

"ఏం కావాలక్కా? పెద్ద తెర కావాల్నా, మంచి కెమెరా కావాల్నా?"

"ఎండలో కనపడేది కావాలన్నా."

"ఎండలోనా? ఏ.సి. పెట్టి కూర్చోబెడితే ఎండంటావేంది?"

"నేను చూసేది మిద్దె మీదన్నా. అక్కడ ఏ.సి. ఉండదు."

నాలుగింటినీ తెచ్చి దుకాణం మెట్ల మీద పరిచాను. మిట్టమధ్యాహ్నం. మన ఎండ సంగతి చెప్పేదేముంది. మూడింటి తెరల్లో నా ఆదుర్దా ముఖం తప్ప ఇంకేమీ కనపడలేదు. నాలుగోదానికి మెరుపు లేని పొర అంటించి ఉంది. అందులో మాత్రం అక్షరాలు కనపడ్డాయి. పక్క దుకాణం వాళ్ళు, టీ తాగడానికి వచ్చినవాళ్ళు చుట్టూ చేరారు.

"అక్కా, టాబ్లెట్లు కొంటుండావా, వడియాలు పెడుతుండావా?" అన్నాడు దుకాణం అన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ పరీక్ష ఆపలేదు. సిమ్ము తీయించి ఒక పేజీ రాసి, ఆపి, మళ్ళీ తెరిచి చూశాను. అడవి అంచు పల్లెల్లో సిగ్నల్ ఉండదు. రాసింది రాసినట్టు దాంట్లోనే నిలవాలి, ఊళ్ళోకి వచ్చాక పంపుకోవాలి. నిలిచింది. దుకాణంలో బల్బులు మార్చే నిచ్చెన ఉంటే నాలుగు మెట్లెక్కి ఒక చేత్తో ఫోటో తీశాను. దాని బ్యాటరీ ఎంతసేపు వస్తుందని అడిగాను. రోజంతా వస్తుందన్నాడు. "ఒట్టు?" అన్నాను. ఒట్టన్నాడు.

"కింద పడితే?"

"అది మాత్రం కొన్నాక ఇంటి కాడ చూసుకోక్కా" అని బిల్లు రాయడం మొదలుపెట్టాడు.

కింద పడితే అన్న ప్రశ్న నాతోపాటే ఇంటికొచ్చింది. పెట్టె విప్పాక మా అత్త 'పలక' అని పేరు పెట్టిందని చెప్పాను కదా. పేరు పెట్టి ఊరుకోలేదు. చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో నాలుగు మూలలా కొట్టింది. బీటలున్న పలక బొక్కుగా, డొల్లగా పలుకుతుంది, మంచిది మోగుతుంది, కార్ఖానాలో అట్లాగే ఏరేవాళ్ళు. "బీట లేదులే" అని తేల్చింది. ఆ తరువాత అంచులు తడిమి ముఖం చిట్లించింది.

"ఏమ్మే, దీనికి ఫ్రేము ఏదీ?"

"దీనికి ఫ్రేము ఉండదు అత్తా. ఇట్లాగే ఉంటుంది."

"మూలలు కొట్టుకుంటే పలక చీలుతాది. ఫ్రేము లేని పలకను బడికి పంపేదెట్ల?"

ఆ సాయంత్రమే అటక మీద నుంచి పాత చెక్క ముక్కలు దింపింది. దారంతో కొలత తీసుకుంది. చెక్కకు లోపలి వైపు గాడి తీసి, టాబ్లెట్ అంచులు ఆ గాడిలో కూర్చునేట్టు బిగించింది. చార్జింగ్ పెట్టేచోట ఒక బెజ్జం. ఆన్ చేసే బటన్ దగ్గర వేలి కొస దూరేంత సందు. పై మూలకు ఇంకొక చిన్న బెజ్జం పెట్టి, దారం కట్టి, దారానికి గుడ్డపీలిక కట్టింది. చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళిన పలకలకు ఎట్లా ఉండేదో అట్లా. పాప చప్పట్లు కొట్టింది. మా ఆయన గోడ వైపు తిరిగి నవ్వాడు. నేను వద్దనాలనుకున్నాను. కానీ ఆ నాలుగు మూలలా లావాటి చెక్క చూడగానే గుండె కుదుటపడింది. బజారులో దొరికే ఏ కవరూ నాకు అంత ధైర్యం ఇవ్వలేదు. మంచం మీద నుంచి చాప మీదికి రెండుసార్లు జారవిడిచి చూశాను. దిమ్మలాగా పడింది, ఏమీ కాలేదు.

మొదటి ఇల్లు మార్కాపురంలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల. పొద్దున ఏడింటికల్లా వెళ్ళాను. హాలు రాశాను, వంటిల్లు రాశాను, పడకగది గోడకు ఫోటో తీయబోతే తెర నల్లబడింది. కంపెనీ బొమ్మ వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఇంటావిడ నా భుజం మీదుగా తొంగిచూస్తూ, "టి.వి. సీరియల్ మొదలయ్యే ముందు మాదీ ఇట్లనే చేస్తాది" అని ఓదార్చింది. సార్‌కు ఫోన్ చేయబోయి ఆపుకున్నాను. చేసేదేమీ లేక కాగితాలు తెచ్చుకుని కొలతలు రాశాను. మిద్దె ఎక్కి దిగేసరికి పదకొండయింది. అప్పుడు టాబ్లెట్ దానంతటదే లేచి, ఏమీ జరగనట్టు పడకగది పేజీ చూపించింది.

మధ్యాహ్నం దాన్ని దుకాణానికి పట్టుకుపోయాను. దుకాణం అన్న ముందు ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత గంటసేపు పెట్టుకుని నొక్కిచూశాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"నా కాడ బుద్ధిగా ఉండాదక్కా. నీ కాడే అల్లరి చేస్తాది" అన్నాడు, పాప గురించి అంగన్‌వాడీ ఆయమ్మ చెప్పినట్టే.

ఏవో అనవసరమైనవి నిండిపోయి ఉంటాయని కొన్ని తీసేశాడు. ఆ అనవసరమైన వాటిలో పాప ఏనుగు పాట కూడా పోయింది. అది ఫోన్‌లో ఉన్నది చాలదని దీంట్లోనూ నేనే పెట్టాను. ఇంటికెళ్ళాక ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన ఏడుపు గురించి రాయను.

మరుసటి రోజు పొద్దున మళ్ళీ ఆగింది. చార్జర్ మార్చాను. సిమ్ము మార్చాను. మొత్తం చెరిపేసి కొత్తదానిలాగా మొదలుపెట్టాను. ఫోన్‌లో వెతికితే ప్రతిచోటా ఒకటే మాట, వేడికి ఇవి ఆగిపోతాయట. ఇదేదో దొరికిందని ఎగిరి గంతేశాను. ఎండ రాకముందే పని మొదలుపెట్టాలని ఆరింటికే బయలుదేరడం అలవాటు చేసుకున్నాను. రాత్రుళ్ళు టాబ్లెట్‌ను మంచినీళ్ళ కుండకు ఆనించి పెట్టాను. దారిలో తడి తువ్వాలులో చుట్టి, పాలప్యాకెట్టు పట్టుకుపోయినట్టు పట్టుకుపోయాను. ఎంత చల్లగా ఉంచితే అంత ఎక్కువగా ఆగిపోయేది. నోటుబుక్కులో ఆగిన టైములన్నీ రాసుకున్నాను. ఆరున్నర, ఏడుంపావు, ఎనిమిది, తొమ్మిది. పదకొండు తరువాత ఒక్కటీ లేదు. ఆ పేజీని ఎన్నిసార్లు చూశానో. అందులో సమాధానం కళ్ళ ఎదుటే ఉంది, నాకు మాత్రం టైములే కనపడ్డాయి.

రెండో ఇల్లు ఎర్రగొండపాలెంలో. అక్కడా అంతే. సగం టాబ్లెట్‌లో, సగం కాగితం మీద, ఒకటి రెండు కొలతలు అరచేతి మీద రాసుకొచ్చాను. రెండిటినీ కలిపి రిపోర్టు చేసేసరికి రోజున్నర ఆలస్యమయింది. సార్ రెండు రిపోర్టులూ చదివారు, రెండిటికీ సంతకం పెట్టారు. పెన్ను మూత పెడుతూ అన్నారు.

"చూడ్డం బాగా చూసినావు. ఆలస్యం బాగాలేదు. ఒంగోలు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసినారు. మూడో ఇల్లు కొనకనమిట్ల పక్క పల్లెలో. నువ్వు చూసిన మర్నాడే కొనేవాళ్ళకు రిజిస్ట్రేషన్. నువ్వు పొద్దున చూస్తే సాయంత్రం అయిదుకల్లా రిపోర్టు నా చేతిలో ఉండాల. లేదంటే అమ్మాయ్, నేను వాళ్ళకు సరేనంటా."

ఆ రోజు మా ఆయనకు బడిలో పరీక్షల డ్యూటీ. పాపకు వెనక పళ్ళు వస్తున్నాయి, నా కొంగు వదలడం లేదు. చివరికి మేం ముగ్గురం బయలుదేరాం. నేను, చంకలో పాప, వెనక సంచితో మా అత్త. సంచిలో పాలసీసా, మరమరాలు, రెండు గౌన్లు, పాప పలక. నిజం పలక, రాతిది. బస్సు దిగి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళేసరికి ఎనిమిదిన్నర. ఇంటి ముందు గొర్రెలను దొడ్లోంచి వదులుతున్న పెద్దాయన మమ్మల్ని వరసగా చూశాడు.

"ఇంజనీరు వస్తాడని చెప్పినారే?"

"నేనే తాతా."

"నువ్వా? మరి ఈ పెద్దమ్మ?"

"ఆ పిల్ల అత్తను" అంది మా అత్త.

"మరి ఆ చంకలోది?"

"అది పెద్ద ఇంజనీరు" అంది మా అత్త. "జాగర్తగా మాట్లాడు, కొరుకుతాది."

వసారా నుంచి ఆయన భార్య పడీ పడీ నవ్వింది. "మగ ఇంజనీరు వస్తాడని రాత్రంతా గోడలు తుడిపించినాడు నాతో. రా అమ్మా రా, కూసో" అని మజ్జిగ తెచ్చింది.

రెండు గదులు చూశాను. మూడో గది గుమ్మంలో టాబ్లెట్ తెర నల్లబడింది. బొమ్మ వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. ఈసారి కాగితాలు కూడా తేలేదు, పాప బట్టలు సర్దే హడావుడిలో మంచం మీదే వదిలేశాను. చేతి ఫోన్‌లో సార్ నంబరు దాకా వెళ్ళాను. బొటనవేలు దాని మీదే ఉంది. నొక్కితే ఆయన తిట్టరు. చాలా మెత్తగా, "సరే అమ్మాయ్, రా" అంటారు. నాకు ఆ మెత్తదనమే భయం.

"ఏంది, మళ్ళీ సచ్చిందా నీ పలక?" అంది మా అత్త. సంచిలో చెయ్యి పెట్టి పాప పలక, బలపం తీసి నా చేతిలో పెట్టింది. "ఇదిగో. ఇది సావదు."

ఇంకేం చేయను. ఇంజనీరింగ్ చదివి, పదకొండు పేజీలు రాసి ఎంచుకుని, చివరికి రాతి పలక మీద బలపంతో రాశాను. తూర్పు గోడ, రెండు పగుళ్ళు, పైపూత వరకే. కిటికీ పైన తేమ. ఒక పక్క నిండగానే ఫోన్‌తో ఫోటో తీసి, చెరిపి, మళ్ళీ రాయడం. పెద్దాయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాప మాత్రం నవ్వలేదు. తన పలక నేను లాక్కున్నానని ఇల్లు ఎగిరిపోయేట్టు కేక పెట్టింది. "నా పలకా! అమ్మ నా పలకా!" దాని చేతికి బదులుగా చచ్చిన టాబ్లెట్ ఇచ్చాం. అయినా పాప ఊరుకోకుండా మధ్యలో వచ్చి, నా చేతిలో బలపం లాక్కుని, నేను దక్షిణం గోడ గురించి రాసిన పలక మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక పెద్ద గీత గీసి పరుగెత్తింది. చెరిపి మళ్ళీ రాసే తీరిక లేదు. అట్లాగే ఫోటో తీశాను.

నడవాలో మా అత్త, పాప చేతిలోంచి టాబ్లెట్ తీసుకుని అంచులు తడుముతోంది.

"ఏమ్మే, ఫ్రేము బాగా నీళ్ళు తాగినాది. చూడు, ఎట్ల బిగుసుకుందో."

"నీళ్ళెక్కడివి అత్తా?"

"ఎక్కడివేంది? రోజూ పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడుస్తుండా గదా."

"తుడుస్తున్నావా? రోజూనా?"

"నువ్వు తలకు నూనె రాసుకునేటప్పుడు. తుడవని పలకను ఎవురన్నా బడికి పంపుతారా?"

నా నోటుబుక్కు పేజీ కళ్ళ ముందు తెరుచుకుంది. ఆరున్నర, ఏడుంపావు, ఎనిమిది, తొమ్మిది. తడిసిన చెక్క ఉబ్బి, ఆన్ చేసే బటన్ దగ్గరి సందు మూసుకుపోయి, దాని అంచు బటన్‌ను నొక్కిపట్టుకుంటోంది. వేలితో అంతసేపు నొక్కి ఉంచితే ఏ టాబ్లెట్ అయినా ఆగి మళ్ళీ మొదలవుతుంది. పదకొండయ్యేసరికి ఎండకు చెక్క ఆరి బటన్‌ను వదిలేస్తోంది. దుకాణానికి మధ్యాహ్నం తీసుకెళ్ళాను, అందుకే బుద్ధిగా ఉంది. మా అత్త తుడిచింది చాలదని కుండకు ఆనించింది ఎవరు? తడి తువ్వాలు చుట్టింది ఎవరు? నేను అక్కడే గడప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. ఎంత నవ్వానంటే పెద్దాయన కంగారుపడి, "ఇల్లు అంత అధ్వాన్నంగా ఉందామ్మా?" అన్నాడు.

"చెక్క నీళ్ళు తాగితే ఉబ్బుతాది, ఎండకు దిగుతాది. ఈ మాత్రం నన్ను అడిగుంటే చెప్పనా?" అంది మా అత్త.

"నేను అందరినీ అడిగాను అత్తా. నిన్నే అడగలేదు."

పెద్దాయన గొర్రెల గిట్టలు కోసే కత్తి తెచ్చిచ్చాడు. మా అత్త కాళ్ళు చాపుకుని కూర్చుని, ముప్పై ఏళ్ళ చెయ్యితో రెండే రెండు కోతలు కోసి సందు వెడల్పు చేసింది. చెక్క పొట్టు రాలింది. బటన్ పైకి లేచింది. నేను నొక్కాను. బొమ్మ వచ్చింది, ఈసారి పోలేదు. మూడో గది పేజీ తెరుచుకుంది. పాప చప్పట్లు కొట్టింది. దాన్ని చూసి పెద్దాయన భార్య కూడా కొట్టింది.

తరువాత పని పరుగెత్తింది. టాబ్లెట్ ఒక చేత్తో, నిచ్చెన ఒక చేత్తో మిద్దె ఎక్కాను. నీళ్ళు పోయే వాలు, పిట్టగోడ, తూము, అన్నీ ఫోటోలు తీశాను. ఎండలో అక్షరాలు నిక్కచ్చిగా కనపడ్డాయి. దిగి వచ్చేసరికి మా అత్త ఖాళీగా ఉండలేక గోడలను వేలి కణుపుతో కొట్టుకుంటూ తిరుగుతోంది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఉత్తరం మూలలో, కొత్త రంగు వేసిన చోట ఆగింది. మళ్ళీ కొట్టింది.

"ఏమ్మే, ఇటు రా. ఇది బొక్కుగా పలుకుతుండాది."

నేనూ కొట్టి చూశాను. నిజమే. గోడంతా ఒక ధ్వని, ఆ జానెడు మేర ఇంకొకటి. రంగు చూస్తే ఏమీ తెలియదు. నేనైతే దాటిపోయేదాన్ని. పెద్దాయన వైపు చూశాను. ఆయన గొర్రెల వైపు చూశాడు.

"చెప్పు, చెప్పు" అంది ఆయన భార్య. "పోయిన వానకు ఆడ నీళ్ళు దిగి పూత రాలిందా లేదా? నువ్వు మెత్తి రంగు పూయలా?"

"ఇంజనీరును తెచ్చినారనుకుంటే పోలీసును తెచ్చినారు" అని గొణిగాడు పెద్దాయన. మరీ అంత కోపంగా ఏమీ లేడు. పాప చేతిలో రెండు ఎండిన రేగుపండ్లు కూడా పెట్టాడు. గింజ గొంతులో పడుతుందని నేను వెంటనే తీసేసుకున్నాను.

బస్సులో పాప ఒళ్ళో నిద్రపోతుంటే, దాని తల మీదుగా చేతులు చాచి రిపోర్టు రాశాను. ఉత్తరం మూల గురించి వివరంగా రాసి, పూత కొట్టేసి లోపల తేమ ఎంత దూరం పాకిందో చూశాకే రిజిస్ట్రేషన్‌కు వెళ్ళమని రాశాను. మార్కాపురం బస్టాండులో దిగి పంపాను. టైము చూశాను, నాలుగుంపావు. మొదటిసారి నా నోటుబుక్కులో రాసుకోదగిన టైము.

అయిదుకు అయిదు నిమిషాలుండగా నా ఫోన్ మోగింది. సార్.

"నువ్వు చెయ్యకూడదన్నా గానీ నేను చెయ్యకూడదు అనలేదు" అన్నారు. గొంతులో ఏమీ తెలియడం లేదు. "ఆ ఉత్తరం మూల ఎట్ల పట్టినావు? రంగు మీద ఏం కనపడదే."

"కొట్టి చూశాం సార్. మా అత్త పట్టింది."

"సరే. ఇంకొకటి. పదిహేడో ఫోటో. దక్షిణం గోడ. అడ్డంగా ఇంత పెద్ద పగులుంటే ఇల్లు నిలబడి ఎట్లుండాది అమ్మాయ్? నువ్వేమో కింద బాగుందని రాసినావు!"

తెరిచి చూశాను. నల్లటి పలక, తెల్లటి అక్షరాలు, ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లటి గీత. ఫోన్ నుంచి టాబ్లెట్‌లోకి ఎక్కించిన ఫోటోల్లో కలిసిపోయి రిపోర్టులోకి వచ్చేసింది.

"సార్, అది పగులు కాదు. మా పాప."

అవతల నుంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గుతున్నారనుకుని కంగారుపడి, "సార్, సార్" అన్నాను. నవ్వుతున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నట్టున్నారు.

"ఆ ఫోటో తీసేసి మళ్ళీ పంపు. సంతకం పెడతా. ఒంగోలు వాళ్ళకు కుదరదని చెప్పేస్తా." ఆగి, "ఇదిగో అమ్మాయ్, తీసెయ్యకముందు ఆ ఫోటో నాకొకటి విడిగా పంపు. నా కాడ ఉంచుకుంటా" అన్నారు.

ఇప్పుడు ఇళ్ళు నేనే చూస్తున్నాను. గిద్దలూరు దాకా వెళ్ళొస్తున్నాను. టాబ్లెట్ ఆ ఫ్రేములోనే ఉంది, సందు వెడల్పుగా ఉంది, దారానికి గుడ్డపీలిక వేలాడుతూనే ఉంది. కొత్త ఇంటికి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూసి జనం నవ్వుతారు, ఆ నవ్వులో నాలుగు మంచి మాటలు కలుస్తాయి, వాళ్ళు దాచిన మూలలు బయటపడతాయి. పొద్దున నేను తలకు నూనె రాసుకునేటప్పుడు మా అత్త పలకను ఇంకా తుడుస్తుంది. తుడవకుండా పంపడం ఆమె వల్ల కాదు. తుడిచి, గుడ్డను నా ముఖం ముందు ఆడించి, "పొడిగుడ్డే" అంటుంది.

నేను నమ్ముతాను. నమ్మి, ఫ్రేము నాలుగు వైపులా ఒకసారి వేలితో తడిమి చూసుకుని గానీ గడప దాటను.